దొమ్మ గుంత

జమ్మలమడుగు దగ్గరి పాత గొర్రెల సంత ఇప్పుడు టికెట్ కొని చూసే చోటు. గండికోటకు వచ్చినవాళ్లు అక్కడి సిమెంటు గొర్రెల పక్కన ఫొటోలు దిగుతారు. టికెట్లిచ్చే నేను ఆ ముసలి దళారిని మరచిపోలేను. సంత పోయినా ఆయన రోజూ వచ్చేవాడు. మాట్లాడినంతసేపూ, గొర్రె చెవి పట్టి జ్వరం చూస్తున్నట్టు ఆయన వేళ్లు కదులుతుండేవి.

ఫౌంటెన్ కోసం ఒక మూల తవ్వడానికి జేసీబీ వచ్చినరోజు ఆయన దానికి అడ్డం నిలబడ్డాడు.

"ఈడ తవ్వొద్దండప్పా! దొమ్మ రోగంతో సచ్చిన గొర్రెల్ని ఈడనే పూడ్సినాం. ఆ రోగం మట్టిలో సావదు."

కాంట్రాక్టరు నవ్వాడు. ముసలాయన నావైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పబ్బీ. ఆ పొద్దు మీ నాయన గూడా పార పట్టినాడు గదా."

మా నాన్న చేతిమీద లేచిన నల్లటి పుండు, ఆ వారంలోనే ఆయన చావు, రెండూ నేను చూసినవే. అయినా ఉద్యోగం పోతుందని తల దించుకున్నాను.

తవ్విన మట్టిని ఊరి బయట పోశారు. వానకు దానిమీద గడ్డి మొలిచింది. ముసలాయన కర్ర పట్టుకుని ఆ దిబ్బ దగ్గరే కూర్చుని, వచ్చిన ప్రతి మందనూ తోలేసేవాడు. పోయిన వారం ఆయన చనిపోయాడు.

ఈ ఉదయం దిబ్బమీద ఒక మంద కనిపించింది. బండి ఆపి, "తోలెయ్, తోలెయ్!" అని అరిచాను.

"ఏం కాదులే మామా," అన్నాడు కాపరి. "మూడు దినాల్నించీ ఈడనే మేపుతాండా."