దొరసానమ్మ మగ్గు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, జీతం తక్కువ, లోకజ్ఞానం అంతకన్నా తక్కువ. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మందుల హోల్‌సేల్ కొట్లో పగలంతా లెక్కలు రాసి, సాయంత్రం కాగానే పాత సామాన్ల కొట్ల వెంట తిరిగేవాణ్ణి. నేను వెతికేది ట్యాంకర్డుల కోసం. అంటే దొరలు బీరు తాగడానికి వాడిన పాతకాలపు పిడి మగ్గులన్నమాట. కొన్ని వెండివి ఉంటాయి (అవి నా జీతానికి అందేవి కావు), చాలావరకు మన ఇళ్లలో చారు కాచుకునే సత్తు గిన్నెల్లాంటి లోహంతో చేసినవి. ఒకప్పుడు మన ప్రాంతంలో రైల్వే దొరలు, కాలవల దొరలు దండిగా ఉండేవారు కాబట్టి, వాళ్ల వంటిళ్లలోంచి చేతులు మారి మారి ఒక్కో మగ్గు ఎప్పుడో తుక్కులో తేలేది. నాకు తాగే అలవాటు లేదు, వాటి మీద వ్యాపారమూ లేదు. మొదటిదాన్ని పెన్నులు పెట్టుకోవడానికి కొన్నాను. ఒకరోజు దాన్ని తిరగేస్తే అడుగున చిన్న కిరీటం ముద్ర, దాని పక్కన ఎవరో మేకుతో గీసుకున్న పేరు కనిపించాయి. సముద్రాల అవతల ముక్కూ మొహం తెలియని మనిషి, ఎవరూ ఎత్తుకుపోకుండా తన మగ్గు మీద పేరు గీసుకున్నాడు. చివరికది నా మంచం కిందకి చేరింది. ఆ ఆలోచనకే నాకు ఒళ్లు పులకరించింది. ఆ తరవాత ఎక్కడ మగ్గు కనిపించినా ముందు అడుగు చూడటం అలవాటైపోయింది.

మా అమ్మకి మాత్రం అవి సొట్ట చెంబులే. "రేపు పెళ్లాం వస్తే ఈ తుక్కంతా దాని నెత్తిన పెడతావురా?" అనేది. నాన్న నా చిన్నప్పుడే పోయారు కాబట్టి నాకు పెళ్లి చేసే బాధ్యతంతా తనదేనని ఆవిడ దిగులు. చివరికి మా చర్చిలో సంబంధాలు కుదిర్చే ఒక పెద్దాయన కూచిపూడి దాటాక కాలవగట్టు మీదున్న ఒక పల్లెలో సంబంధం చెప్పాడు. అమ్మాయి డిగ్రీ చదివింది. తండ్రి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగి. ఇంటికి పెద్ద దిక్కు ఆయన తల్లి, టీచరుగా రిటైరైన మామ్మగారు. ఆవిడ మాటకి ఆ ఇంట్లో ఎదురులేదు. ఊళ్లో తాగుడు మాన్పించడానికి ఆవిడ చేసిన యుద్ధాలు ఆ చుట్టుపక్కలంతా ప్రసిద్ధం. ఆవిడ గొడుగు దూరం నుంచి కనిపిస్తే చాలు, కల్లుపాకలోని మగాళ్లు వెనక దారిన పొలాల్లో పడి పరిగెత్తేవారట.

అమ్మా నేనూ బస్సు దిగి, ఆటో పట్టుకుని, వాళ్లింటికి చేరాం. వందనాలు, కుశలప్రశ్నలు అయ్యాయి. అమ్మాయి వచ్చి మామ్మగారి కుర్చీ పక్కన కూర్చుంది. నేను తలెత్తి చూద్దామనుకునేలోపు వాళ్ల నాన్నగారు గొంతు సవరించుకున్నారు.

"బాబుకి ట్యాంకర్లు ఎన్ని ఉన్నాయండీ?" అన్నారు.

పల్లెటూళ్లో కూడా నా సేకరణ సంగతి తెలిసిందే అని నా ఛాతీ కాస్త పొంగింది. "ఆరున్నాయండీ."

"అన్నీ సొంతవేనా?"

"సొంతవేనండీ. ఒకటి మాత్రం అడుగున కారుతుంది."

"అయ్యో, రిపేరు చేయించకపోయారా?"

"చేయిస్తే విలువ పడిపోతుందండీ."

"మరి అన్నీ ఎక్కడ పెడుతున్నారు? బెజవాడలో స్థలానికి ఇబ్బంది కదా?"

"మా ఇంట్లోనేనండీ. నా మంచం కింద."

(సంబంధం చెప్పిన పెద్దాయన ట్యాంకర్డుల్ని పొరబడి "అబ్బాయికి ట్యాంకర్లున్నాయి" అని చెప్పి వచ్చాడనీ, రొయ్యల చెరువులకు నీళ్లు తోలే లారీలకు నేను యజమానినని వీళ్లు అనుకుంటున్నారనీ నాకేం తెలుసు?) అప్పుడు మా అమ్మ నెత్తి కొట్టుకుని అసలు సంగతి చెప్పింది. ఆ లారీలన్నీ ఒక్క క్షణంలో చెంబులైపోవడం తట్టుకోలేక నాన్నగారు మంచినీళ్లు తాగారు. అమ్మాయి మాత్రం పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మగారు నన్ను ఎగాదిగా చూసి, "దొరల మగ్గులా? అయితే మనింట్లోదీ చూపించాల్సిందే అబ్బాయికి" అంటూ లేచి, లోపల అలమరలోంచి తెల్లటి గుడ్డలో చుట్టిన వస్తువొకటి పట్టుకొచ్చారు.

గుడ్డ విప్పగానే నేను కుర్చీ అంచుకి జరిగాను. పిడి, మూత, నడుం చుట్టూ నాలుగు గీతలు, పొగ పట్టిన వెండిలాంటి రంగు. అసలు సిసలు ట్యాంకర్డు! "మిషను ఆసుపత్రి దొరసానమ్మ మా అమ్మకిచ్చింది నాయనా. పండుగలకీ, పెద్దమనుషులొచ్చినప్పుడూ తప్ప తియ్యం" అని చెప్పి, మామ్మగారు దాని నిండా మజ్జిగ పోయించి నా చేతికిచ్చి, "ప్రార్థన చేసుకుందాం" అని కళ్లు మూసుకున్నారు.

మామ్మగారి ప్రార్థన చిన్నది కాదు. దేశాన్నేలే పెద్దల దగ్గర మొదలై, వానలు, పంటలు, పవర్ స్టేషను, ఇంట్లో గేదె వరకూ ఎవర్నీ వదలకుండా సాగింది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. మగ్గు నా చేతిలో ఉంది. దాని అడుగున ఏముందో చూడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. మజ్జిగ ఉంది కాబట్టి తిరగేయకూడదన్న జ్ఞానం మాత్రం ఉంది. అందుకని మెల్లగా రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి కింద నుంచి చూశాను. కిరీటం ముద్ర ఉంది! కొలత గుర్తు ఉంది! ఇంకా ఏవో అక్షరాలున్నాయి. వెలుతురు సరిగ్గా పడటం లేదని కాస్త వంచాను. ఆ కాస్తలో మగ్గెడు మజ్జిగ కరివేపాకుతో సహా నా నెత్తి మీద పడింది. ఉలిక్కిపడి ముందుకు చూస్తే, అమ్మాయి కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. ఆ గదిలో కళ్లు తెరిచి ప్రార్థన చేస్తున్నది మేమిద్దరమే. నేనావిణ్ణి మొదటిసారి చూడటం అదే. అప్పుడే "ఆమెన్" అన్నారు మామ్మగారు.

ఎవరైనా బుద్ధున్నవాడైతే అక్కడ సిగ్గుతో చచ్చిపోవాలి. నాకు ఆ తీరిక లేదు. మజ్జిగ కారుతున్న మొహంతోనే, "అడుగున పేరుందండీ!" అని కేకేశాను. "ఏముంది నాయనా? దొరసానమ్మ పేరేనా?" అని ఆశగా అడిగారు మామ్మగారు. "కాదండీ, 'ది జాలీ గోట్' అని ఉంది." నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని, "జాలీ గోట్... అంటే సంతోషంగా ఉన్న మేక" అని తర్జుమా చేశారు. "మేకకి సంతోషం ఎందుకురా?" అన్నారు మామ్మగారు. ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పరమానందంగా, "అది దొరల దేశంలో సారాకొట్టు పేరండీ! అక్కడి కొట్లకి ఇలాంటి పేర్లే పెడతారు! ఇది బీరు మగ్గు! కొట్లో వాళ్లు కొలిచి పోసే అసలైన తాగుడు మగ్గు! ఇలాంటిది దొరకడం ఎంత కష్టమో తెలుసాండీ?" అన్నాను.

బయట కాలవ పారుతున్న చప్పుడు వినిపించింది. మామ్మగారు మగ్గు తీసుకుని గుడ్డలో చుట్టారు. "ఎండ ముదరకముందే బయల్దేరండమ్మా" అని మా అమ్మతో అన్నారు. విజయవాడ వచ్చేదాకా బస్సులో మా అమ్మ తిట్టిన తిట్లకి ముందు సీటాయన కూడా నా తరఫున బాధపడ్డాడు.

సంబంధం పోయిందనే అనుకున్నాం. ఆ వారాంతానికి అమ్మాయి నాన్నగారు ఫోన్ చేశారు. "మా అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు బాబూ. మీరొకసారి రావాలంటోంది" అన్నారు. మా అమ్మ నాకు పాఠం చెప్పి పంపింది. "అక్షరాలు అరిగిపోయి పొరబాటుగా చదివానండీ, అది దొరసానమ్మగారి ఇంటిపేరేనండీ అని చెప్పరా. పెద్దావిడ మనసు కుదుటపడుతుంది, నీ పెళ్లీ అవుతుంది." దారి పొడుగునా ఆ వాక్యం వల్లెవేసుకున్నాను.

మామ్మగారు నాలుగు రోజుల్లోనే చిక్కిపోయారు. మగ్గు అలమరలో లేదు, వంటింట్లో బియ్యం డబ్బా వెనక పడేసి ఉంది. "నిజం చెప్పబ్బాయ్. ఆ తల్లి తాగేదా? నా జన్మంతా ఆవిడ పేరు చెప్పి ఊళ్లో మగాళ్ల చేత తాగుడు మాన్పించానే!" అన్నారు. నేను నోరు తెరిచి, "అదేనండీ, అక్షరాలు అరిగిపోయి..." అన్నాను. మామ్మగారి వెనక గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మాయి వద్దన్నట్టు తలూపింది. వల్లించిన పాఠం గాలికి పోయింది.

"అది బీరు మగ్గేనండీ" అన్నాను. "కానీ ఆవిడ దాంట్లో ఏం తాగారో మగ్గు చెప్పదండీ. సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికితే కొనుక్కుని ఉండొచ్చు. నాదీ అలాంటిదే, నేను పెన్నులు పెట్టుకుంటున్నాను."

మామ్మగారు వంటింటి వైపు చూశారు. తరవాత తనలో తను చెప్పుకుంటున్నట్టు, "నా చిన్నప్పుడు తుఫానొచ్చి ఊరు మునిగితే, ఆ తల్లి ఆసుపత్రి వరండాలో పిల్లలందరికీ ఆ మగ్గుతోనే గంజి పోసింది. నేనూ తాగాను. ఆ గంజితోనే బతికాను" అన్నారు. ఉన్నట్టుండి ఆవిడ మొహం విప్పారింది. "అంటే ఏమైనట్టు? ఆ మగ్గు అక్కడ తాగింది, ఇక్కడికొచ్చి మానేసింది! మానేసినవాడి పాత సంగతులు తవ్వకూడదని ఊళ్లో అందరికీ నేనే చెబుతుంటాను కదరా. దానికి మాత్రం వేరే న్యాయమా?" అని, మనవరాలి చేత దాన్ని తెప్పించి చింతపండుతో తోమమన్నారు. (పాత సత్తుని చింతపండుతో తోమితే విలువ పోతుంది. ఆ మాట పెదవి దాకా వచ్చింది. మొదటిసారి నోరు మూసుకోగలిగాను.)

వెళ్లేటప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "నీ చూపు దాని మీదే ఉందని నాకు తెలుసబ్బాయ్. పిల్లనిస్తాను గానీ మగ్గివ్వను" అన్నారు. బేరం నాకు నచ్చింది.

పెళ్లయ్యాక తెలిసింది, బేరంలో ఇంకో షరతు ఉందని. మామ్మగారు తాగుడు మాన్పించే సభ ఎక్కడ పెట్టినా మగ్గునీ, నన్నూ వెంట తీసుకెళ్లేవారు. "సంతోషపు మేక దగ్గర తాగి తాగి మానేసిందర్రా ఇది! ప్రాణం లేని మగ్గు మానగా లేంది మీకేం రోగం?" అని ఆవిడ గర్జించేవారు. పక్కన సాక్షిగా నేను లేచి అడుగున ముద్ర చూపించి చదివి వినిపించాలి. ఒకసారి చదవడం అయ్యాక వెనక నుంచి ఒకాయన, "ఆ కొట్టు ఇంకా ఉందంటారా అండీ?" అని అడిగాడు.

మామ్మగారు పోయాక మేం ఊరెళ్లినప్పుడు మా మామగారు అలమరలోంచి ఆ మగ్గు తీసుకొచ్చి, "అమ్మ లేదు కదా, ఇంక మీరే ఉంచుకోండి అల్లుడుగారూ" అన్నారు. నేను ఎంతో హుందాగా, "వద్దండీ, ఊళ్లో స్త్రీల సమాజానికి ఇచ్చేయండి, ఆవిడ పని సాగుతుంది" అన్నాను. నా ఔదార్యానికి మా ఆవిడ కళ్లు చెమర్చాయి. మామగారు నా చెయ్యి పట్టుకున్నారు. కూచిపూడి దాటేవరకూ ఆ గౌరవంలో తేలుతూ వచ్చాను. ఆ తరవాత మాత్రం విజయవాడ చేరేదాకా బస్సు కిటికీలోంచి కాలవ చూస్తూ, ఇంత మర్యాద నాకెప్పుడు అంటుకుందా అని దిగులుపడ్డాను. వెనకటి నేనైతే రెండు చేతులూ చాచి అందుకునేవాణ్ణి అనుకుంటే నవ్వొచ్చింది.

"ఏంటండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు. పెద్దవాణ్ణయిపోయాను" అన్నాను.