పల్లకీ తెర మువ్వ

మా ముత్తాత సింహాద్రిరాజు గారు శ్రీకాకుళం వైపు ఇనాం ఊళ్లున్న ముఖాసాదారు. మా తాత నరసరాజు గారు పల్లకీ లేనిదే పొరుగూరికైనా కదిలేవారు కారు. దయ్యాలను నమ్మడం మా ఇంట ఎన్నడూ లేదు. నేనూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

ఆస్తి కోర్టుల పాలయ్యాక, తెల్లదొరల హయాంలోనే, మా నాన్నగారు రాయ్‌పూర్‌లో రైల్వే గూడ్సు గుమాస్తాగా చేరారు. అద్దెకు దొరికింది ఒకే గది. తల్లిదండ్రుల పడకగదిలోకి పిల్లలు అడగకుండా అడుగుపెట్టరాదన్నది మా వంశాచారం. అందుకని ఆయన గది మధ్యన తాతగారి పల్లకీ తెర కట్టించారు. అటు వారిద్దరూ, ఇటు నేనూ మా చెల్లెలు చిట్టీ.

తెర అంచున ఒక కంచు మువ్వ ఉండేది. దాన్ని కదిపి, నాన్నగారు "రావచ్చు" అన్నాకే అటు వెళ్లాలి.

"ఏక్ కమరా, ఠాట్ రాజా కా" అని గది అద్దెకిచ్చిన ఇంటావిడ నవ్వేది. ఉన్నది ఒక్క గది, దర్జా మాత్రం రాజుదని.

ఒక వానాకాలం రాత్రి చిట్టికి జ్వరం తగిలింది. పొద్దున అమ్మ తెర తీసేసరికి చిట్టి తెరకు ఇవతలే నేల మీద ముడుచుకుని ఉంది. మువ్వ పిడికిట్లో ఉంది. రాత్రి ఎంత మోగించిందో, పెంకుల మీద వాన హోరులో మాకెవరికీ వినపడలేదు. తెర దాటి మాత్రం వెళ్లలేదు. మూడో నాటికి పోయింది.

తర్వాత పట్టపగలు, గాలి ఆడని వేళ, మువ్వ మోగడం మొదలైంది. నాన్నగారు "రావచ్చమ్మా" అనేవారు. ఆ మాట వినపడనట్టు మళ్లీ మోగేది.

పుట్టింటికి వెళ్లిన ఇంటావిడ తిరిగొచ్చింది. చిట్టి సంగతి ఆమెకు తెలియదు. గుమ్మంలోంచే అమ్మతో, "బహూ, ఛోటీ కబ్ సే ఘంటీ బజా రహీ హై, అందర్ బులా లో" అంది. పాప ఎంతసేపటినుంచో మోగిస్తోంది, లోపలికి పిలువమని.

అప్పుడు తెర దగ్గర ఎవరూ లేరు.

అమ్మ నాన్నగారి వైపు చూసింది. "పిలిస్తే రాదండీ. ఆ తెర తీసెయ్యండి."

ఆయనే స్టూలెక్కి విప్పారు. ఆ రాత్రి మొదటిసారి ముగ్గురం ఒకే వరసలో పడుకున్నాం, నేను గోడవైపు. తెల్లవారి లేచేసరికి నాన్నగారు కూర్చుని, తనకూ అమ్మకూ మధ్య వదిలిన ఖాళీ మీద చెయ్యి ఉంచి ఉన్నారు. నన్నూ ఉంచమన్నారు.

చిన్న చోటు. జ్వరపు ఒంటిలా కాలుతోంది.

మువ్వ మళ్లీ మోగలేదు. అదేమిటో ఈనాటికీ నేను చెప్పలేను.

ఆ తెరను దగ్గర్లోని తిల్దా ఊరి బియ్యం మిల్లు షావుకారు ఒకాయన కూతురి పెళ్లి డోలీకి కొనుక్కున్నాడు. మువ్వ ఒక్కటీ విప్పుకుంటానని అమ్మ అడిగింది. నాన్నగారు దానితో సహా అమ్మేశారు.