మస్తానును మద్రాసు తీసుకుపోయిన సంగతి

జపాను వాళ్లతో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, జూన్ నెలలో, బర్మా సరిహద్దు కొండ మీది సైనిక పోస్టుకు సిపాయిగా చేరాను. ఒకటే వాన. బంకరులో మోకాలి లోతు నీళ్లు. వైర్‌లెస్ దగ్గర కూర్చున్న మస్తానుది మార్కాపురం. మాది ఆ వైపే గిద్దలూరని చెప్పాను.

"గిద్దలూరా అన్నా? నాలుగు తెలుగు మాటలు మాట్లాడు. విని ఎన్నాళ్లయిందో," అన్నాడు.

పదకొండో రోజు పొద్దున ఏడింటికి మస్తాను మా వంటవాణ్ణి టీ తెమ్మని పంపించాడు. దారిలో ఫిరంగి గుండు పడి వంటవాడు చనిపోయాడు.

ఆ తర్వాత మస్తాను నిద్రపోలేదు. రేడియోలో పిలిచినా పలికేవాడు కాదు. సుబేదారు పిరికితనం అన్నాడు. నేను వాణ్ణి చెయ్యి పట్టుకుని నాలుగు గంటలు నడిపించి, కొండ కింద డాక్టరు గుడారానికి చేర్చాను. డాక్టరు తెలుగువాడు.

"ఇదీ మలేరియా లాంటి జబ్బే," అన్నాడు. మూడు వారాలు మందిచ్చి నిద్రపుచ్చాడు, మాట్లాడించాడు. పంపించేటప్పుడు నాతో అన్నాడు: "ఈ జబ్బు మళ్లీ వస్తే, చావాలనుందా అని సూటిగా అడుగు. అడగడానికి భయపడొద్దు."

యుద్ధం ముగిసింది. ఇళ్లకు వచ్చాం. మా వైపు అలాంటి డాక్టరు లేడు. ఏడాదికి మస్తాను తల్లి రైలు దిగి మా ఇంటికి వచ్చింది.

"వాడు తిండి మానేసినాడు నాయనా. నాకు భయమైతాంది."

ఆ సాయంత్రం బండికే ఆమెతో పోయాను. మస్తాను గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"చచ్చిపోవాలని ఉందా మస్తానూ?"

నా వైపు తిరిగాడు. "దినామూ ఉంది అన్నా. ఎవురూ అడగల్యా. వాణ్ణి పంపించింది నేనే కదా."

"టీ తెమ్మన్నావు. చావమన్నావా?"

అప్పుడు ఏడ్చాడు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా, రెండు బండ్లు మారి మద్రాసులో మనసు జబ్బుల ఆసుపత్రికి తీసుకుపోయాను. రెండు నెలలున్నాం. ఇప్పుడు వాడు సైకిళ్లు బాగుచేస్తాడు. ప్రతి శుక్రవారం పోయి ఎట్లుందని అడుగుతాను. "ఈ వారం బాగలేదన్నా" అని చెప్పిన రోజులూ ఉన్నాయి. చెబుతున్నాడు, అంతే చాలు.

మేం ఆసుపత్రి నుంచి బయలుదేరిన రోజు, వరండా బెంచీ మీద రోగి ఒకాయన ఉన్నాడు. ఎండలో కూడా మిలిటరీ కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకున్నాడు. మస్తాను భుజం మీదున్న నా చేతినే చూస్తూ అడిగాడు:

"నా కోసం ఎవురన్నా వచ్చినారా?"

ఆ మొహం నన్ను వదలలేదు.