డేరా సంచిలో కొబ్బరికాయ

మూఢనమ్మకాల మీద ఇరవై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాను, పత్రికల్లో రాస్తున్నాను. ఇంతకాలంలో నా వాదనకు పూర్తిగా లొంగిన మనిషి ఒక్కరే. అత్తిలిలో ఉండే మా అత్తగారు. జాతకాలు అబద్ధమంటే "మీరు చెప్పింది నిజమేనండీ" అన్నారు. దిష్టి లేదంటే "లేదండీ" అన్నారు. పదహారేళ్లలో ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. పెద్దవాళ్లు మారరని ఎవరైనా అంటే సభలో ఆవిణ్ణే ఉదాహరణగా చూపించేవాణ్ణి.

మొన్న శీతాకాలం సెలవులకు డేరా కొన్నాను. ఒక రాత్రి మండవల్లి దగ్గర తెలిసినవాళ్ల చేపల చెరువు గట్టు మీద బస, మర్నాడు ఏలూరు మీదుగా గుంటుపల్లి బౌద్ధ గుహలు. గుళ్లు లేని యాత్ర అని ఇంట్లో ప్రకటించాను. సెలవులకు మా ఇంటికొచ్చిన అత్తగారు వెంటనే వస్తానన్నారు. నా ప్రభావం అనుకున్నాను. మా ఆవిడ గ్యాస్ స్టవ్, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీ, అరడజను దుప్పట్లు సర్దింది. ఆరుబయట నిరాడంబరంగా గడపడానికి మా తాడేపల్లిగూడెం వంటిల్లు కారెక్కింది.

గట్టు మీద డేరా మేకులు దిగ్గొట్టడానికి సుత్తి లేదు. డేరా సంచి తడిమితే కొబ్బరికాయ దొరికింది.

"అత్తయ్యగారూ, ఇదెందుకండీ?"

"పచ్చడికండీ."

దాంతోనే మేకు కొట్టబోయాను. "దాంతో వద్దండీ" అంటూ ఆవిడే వెళ్లి ఎక్కడినుంచో ఇటుక తెచ్చిచ్చారు.

పొద్దున ఇడ్లీల్లోకి వేరుశనగ పచ్చడి వచ్చింది.

"కొబ్బరి పచ్చడి ఏది అమ్మమ్మా?" అంది మా అమ్మాయి.

"రేపు చేస్తాలే అమ్మా."

ఆధారం లేనిదే ఏదీ నమ్మవద్దని లోకానికి చెప్పే నేను ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నాను.

గుంటుపల్లిలో మెట్లెక్కి, కొండను తొలిచిన గుండ్రటి గుహ ముందు ప్రసంగం మొదలుపెట్టాను. లోపలున్నది స్తూపం. చుట్టుపక్కల జనం దాన్ని శివలింగమనుకుని మొక్కుతూ వచ్చారు. దేవుళ్ల జోలికి పోవద్దన్న బుద్ధుణ్ణే చివరికి దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు.

"నిజమేనండీ" అంటూ అత్తగారు చేతిసంచిలోంచి కొబ్బరికాయ తీశారు.

మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ "చెప్పెయ్యమ్మా, ఎంతకాలం దాస్తావు" అంది.

"మీ సంబంధం వచ్చినప్పుడు మీ మామగారూ నేనూ ఇక్కడికొచ్చామండీ. కుదిరితే కాయ కొడతానని మొక్కుకున్నాను. కుదిరింది కదండీ."

"మరి పదహారేళ్లూ ఎందుకు రాలేదు?"

"మీ పెళ్లయిన ఏడే ఆయన పోయారు కదండీ, ఆ తర్వాత తీసుకొచ్చేవాళ్లు లేరు. మిమ్మల్ని అడిగితే మీకు కష్టంగా ఉంటుందని ఊరుకున్నాను. ఈసారి మీరే తీసుకెళ్తానన్నారు."

మా అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "అయితే నాన్నా, నువ్వు అమ్మమ్మ మొక్కుకుంటే వచ్చావా?"

అంతలో అక్కడి కాపలాదారు వచ్చాడు. "లోపల కొట్టకూడదమ్మా. కింద గేటు బయట కొట్టుకోండి."

అందరం కిందికి దిగాం. అత్తగారికి నిరుడు మణికట్టు విరిగింది, కాయ కొట్టలేరు. నన్ను కొట్టమని అడగలేదు. కాయ పట్టుకుని నిలబడ్డారంతే. అల్లుడికి ఎదురు చెప్పని మర్యాదను ఇన్నేళ్లూ నా తర్కం గెలుపుగా రాసుకున్నానని అప్పుడు తట్టింది. సిద్ధాంతం ప్రకారం నేను పక్కకి తప్పుకోవాలి. కానీ ఆవిడ పదహారేళ్లు ఈ మొక్కు దాచుకున్నది నా కోసమే.

కాయ తీసుకుని గేటు పక్క రాయి మీద కొట్టాను. ఒక్క దెబ్బకే పగిలింది. ఆవిడ కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి, ముక్క నా చేతిలో పెట్టారు.

"బుద్ధుడి ప్రసాదం, తీసుకోండి. మీరు చెప్పిందంతా విన్నానండీ."

తిన్నాను. నా ఏకైక శిష్యురాలు ప్రసంగం మొత్తం శ్రద్ధగా విన్నారు, అందులో అనుమానం లేదు.