కాగితం కోసం వదిలేసిన బస్సులు

ఆ శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మచిలీపట్నం షెడ్డులో మా కారు ఇంజను పని పూర్తయింది. గుడివాడ ఆసుపత్రిలో చివరి దశలో ఉన్న అక్కయ్య నన్ను చూడాలంటోంది.

"రోడ్డెక్కే ముందు ఇంజను రెండు గంటలు ఇక్కడే తిప్పి చూడాలండీ," అన్నాడు మేస్త్రీ.

"పదిన్నరకి రాహుకాలం బాబూ," అంటూ డ్రైవర్ని బయల్దేరదీశాను.

గుడ్లవల్లేరు దగ్గర ఇంజను పట్టేసి కారు ఆగిపోయింది. మేస్త్రీని ఫోన్ చేసి రప్పించాను. తప్పు తనదేనని రాసిచ్చేదాకా కదలనన్నాను.

"ఆగమంటే రాహుకాలమన్నారు. తప్పు నాదెలా అవుద్దండీ? ముందు బస్సెక్కండమ్మా, మీ అక్కగారు ఎదురుచూస్తుంటారు!"

రెండు బస్సులు వెళ్లిపోయాక, విసిగిపోయి రాసిచ్చాడు. ఒంటిగంటకు ఆసుపత్రి చేరాను. అక్కయ్య పోయి ఇరవై నిమిషాలైంది.

ఆ కాగితం పట్టుకుని మళ్లీ షెడ్డుకు వెళ్లలేదు.

పోయినవి: ఒక ఇంజను, అక్కయ్య ఆఖరి మాట.