పెళ్లి కాగితంలో మిగిలిన తోక

మీ పెళ్లి మీతోనే జరిగిందని మీరు రుజువు చేయగలరా? ఫోటోలు చూపిస్తానంటారు, సాక్షులను పిలుస్తానంటారు. కౌంటర్ అవతల కూర్చున్న మనిషికి అవేవీ అక్కర్లేదు. రెండు కాగితాల మీద ఒకే పేరు, ఒకే అక్షరాలతో కనబడితే చాలు. ఆ లెక్కన చూస్తే సౌదీలోని దమ్మామ్‌లో నెల రోజుల పాటు నా భార్యకు భర్త ఉన్నాడు గానీ, ఆ భర్త నేను కాను.

నా భార్య పిల్లల డాక్టరు. నేను ఒక పైపుల యార్డులో వెల్డింగ్ అతుకులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాం, ఎవరి కఫీల్ కింద, అంటే ఎవరి పూచీదారు కింద, వాళ్లం. ఆమెకు ఆసుపత్రి, నాకు కంపెనీ. ఆమె ఇఖామా, అదే నివాస అనుమతి, ఆమెది, నా ఇఖామా నాది. పిల్లలు లేరు కనుక మా ఇద్దరి కాగితాలు ఒకే బల్ల మీదికి రావలసిన అవసరం ఎప్పుడూ పడలేదు. ఆలుమగలు సమానమని నేను ఊళ్లో వేదికలెక్కి అరిచిందంతా, ఇక్కడి పర్మిట్ల పద్ధతి చడీచప్పుడు లేకుండా మా ఇంట్లో అమలు చేసిందని మిత్రులతో అంటుండేవాణ్ణి.

అలాంటిది ఒకే ఋతువులో రెండు సంగతులు పక్కపక్కనే వచ్చాయి. ఆమెకు గడువు లేని నివాస కార్డు వచ్చింది. ఇక ఆమెకు కఫీల్ లేడు, రెన్యువల్ లేదు. నాకేమో అరవై నిండాయి. కంపెనీ వాళ్లు మర్యాదగా కేకు కోయించి, అదే చేత్తో ఎగ్జిట్ కొట్టి దేశానికి పంపేస్తామన్నారు. నా ఇఖామాకు మిగిలినవి నలభై రోజులు. ఈలోగా ఆమె కార్డు కింద కుటుంబ సభ్యుడిగా నేను చేరాలి. చేరకపోతే ఆమె ఇక్కడ శాశ్వతం, నేను అక్కడ శాశ్వతం.

ఏముంది, రెండు పేర్లు కొడితే అయిపోతుందనుకున్నాం. ప్రభుత్వ యాప్‌లో కొట్టాం. భార్యాభర్తల సంబంధం రుజువు కాలేదని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. మళ్లీ కొట్టాం. మళ్లీ కాలేదు.

కార్గో దుకాణాల వీధిలో ఒక టైపింగ్ సెంటర్ ఉంది. అక్కడ అరబీ టైపు చేసే తమ్ముడిది జగిత్యాల. హఫర్ అల్ బాతిన్‌లో ఏళ్ల తరబడి సెంట్రింగ్ పని చేసి, నడుం పట్టేశాక కీబోర్డు నేర్చుకున్నాడు. మా కాగితాలన్నీ వరసగా పరిచి, వాటిని చూశాడు, నన్ను చూశాడు.

"సారు, ఈ పెండ్లి సర్టిఫికెట్ల ఉన్నాయన ఎవరు?"

"నేనే."

"మరి ఈ పాస్‌పోర్టుల ఉన్నాయన?"

"అదీ నేనే."

"కంప్యూటరుకైతే ఇద్దరు కనవడుతున్నరు. మేడంకు పెండ్లయింది తోకున్నాయనతోని. మీకు తోక లేదు."

అతను చెప్పింది అక్షరాలా నిజం. మాది దండల పెళ్లి. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, పంతం కొద్దీ రాహుకాలం చూసి మరీ దండలు మార్చుకున్నాం. ఒకరినొకరు 'నువ్వు' అనే పిలుచుకోవాలని ఆ రోజే ఒప్పందం. ఆ వారమే రిజిస్టరాఫీసుకు వెళ్లి సంతకాలు పెట్టాం. అప్పటికి నా పేరు చివర కులం పేరు ఉండేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు, అందులో ఆలోచించవలసింది ఉందని అప్పుడు తోచలేదు.

మరుసటి ఏడాది టౌన్ హాల్లో కుల నిర్మూలన మీద వాదోపవాదం పెట్టారు. నలభై నిమిషాలు మాట్లాడాను. శాస్త్రం, చరిత్ర, తర్కం, దేన్నీ వదల్లేదు. చప్పట్లు ఆగాక అవతలి పక్షం నుంచి ఒక ముసలాయన లేచి, "కులం పోవాలంటున్న ఈ అబ్బాయి పేరు కరపత్రంలో చూసి ఎవరైనా పైకి చదవండి. చివరి మాట వదలకుండా చదవండి" అని కూర్చున్నాడు. ఆయన అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. హాలంతా నవ్వింది. ఆ రోజు నేను ఓడిపోయాను, న్యాయంగానే ఓడిపోయాను. వారం తిరక్కుండా అఫిడవిట్ రాయించి, రెండు పత్రికల్లో ప్రకటన వేయించి, తోక కోసేశాను. తర్వాత తీసుకున్న పాస్‌పోర్టు కొత్త పేరుతోనే వచ్చింది.

పెళ్లి రిజిస్టరులో ఉన్నదాన్ని మాత్రం మరిచిపోయాను. నా భార్య పాస్‌పోర్టులో భర్త పేరును ఆ రిజిస్టరు చూసే రాశారు. ప్రతి రెన్యువల్‌కూ తోక తనంతట తాను రెన్యువలవుతూ వచ్చింది.

"మళ్ల పెట్టుకోండ్రి సారు" అన్నాడు జగిత్యాల తమ్ముడు. "పాస్‌పోర్టు మార్చేటప్పుడు ఒక్క మాట ఎక్కువ రాస్తే సరి. మంది లేని తోకలు తగిలించుకుంటున్నరు, మీకు ఉన్నదే గద."

ఉన్నదాన్ని ఎందుకు తీసేశానో అతనికి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. పేరు అంటే ఏమిటి, దాని చివర కాపలా కుక్కలా కూర్చున్న ఆ మాట ఎవరిని చూసి మొరుగుతుంది, ఎవరిని చూసి తోకాడిస్తుంది అనే దాకా వచ్చేసరికి అతను చెయ్యెత్తాడు.

"మీ మాట బంగారమే సారు. గని మీ ఎనుక ఆరుగురు డ్రైవర్లు నిలవడ్డరు."

ఆ ఆరుగురిలో ఒక పాకిస్తానీ పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "చాచా, తఖ్రీర్ బాద్ మే" అన్నాడు. ఉపన్యాసం తర్వాత చూసుకోవచ్చుననే కదా అర్థం. నా జీవితంలో నా ఉపన్యాసాన్ని అంత క్లుప్తంగా ఆపినవారు లేరు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నా భార్య ఖుబ్జ్ రొట్టె తుంచి గోంగూర పచ్చడిలో అద్దుకుంటూ వింది.

"అయితే పెట్టేసుకో" అంది.

"నువ్వేనా ఆ మాట అనేది?"

"అంటే ఏం చేస్తావో చూద్దామని అన్నా. నీ సిద్ధాంతానికి వీసా అక్కర్లేదు, నీకు కావాలి."

"ఎగ్జిట్ మీద వెళ్లిపోతాను గానీ తోక పెట్టుకోను."

"వెళ్లు. వెళ్లి రోజుకో సభ పెట్టుకో. ఇక్కడ నేనొక్కదాన్నే కూర్చుని ఎవరితో పోట్లాడాలంట?"

ఆ మాట తేలిగ్గానే అంది. కానీ ముక్క తుంచిన చెయ్యి పచ్చడి దాకా వెళ్లలేదు. ఆమె కార్డు వచ్చిన రోజు మేమిద్దరం సముద్రం ఒడ్డున నడుస్తూ, ఇక ఎవరూ మనల్ని కదపలేరనుకున్నాం. ఇప్పుడు నా కలంతో నేను చేసిన ఒక మంచి పనే మమ్మల్ని చెరో దేశంలో కూర్చోబెట్టేలా ఉంది.

ఆమె లేచి వెళ్లి ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చింది. అందులోంచి పసుపు రంగుకు తిరిగిన పత్రిక ముక్కలు రెండు తీసింది. పైన ఎవరిదో గేదె తప్పిపోయిన ప్రకటన, కింద నా తోక పోయిన ప్రకటన.

"నీ వ్యాసాలన్నీ నువ్వు దాచుకున్నావు. దీన్ని నేను దాచా. ఎప్పటికైనా పనికొచ్చేది ఇదేనని తెలుసు" అంది.

మర్నాడు ఆ ముక్కలు చూసి జగిత్యాల తమ్ముడు మొహం చాటంత చేసుకున్నాడు. "గిది ముందుగల్ల తేవాలె గద సారు. ఇగ తోక లొల్లి లేదు. ఆయన, ఈయన ఒక్కరే అని ఎంబసీ వాళ్లతోని రాయించుకొస్తే అరబీల నేను కొట్టిస్త."

ఎంబసీ వాళ్లు అప్పుడప్పుడు సెలవు రోజున దమ్మామ్ వచ్చి, ఒక స్కూలు హాల్లో బల్లలు వేసుకుని కూర్చుంటారు. మా ఇద్దరి టోకెన్ తొంభై దాటింది. పక్క కుర్చీలో కడప వైపు ఆమె కూర్చుంది. ఖఫ్జీలో ఒక ఇంట్లో పని చేస్తుందట, పాస్‌పోర్టు మార్పించుకోవడానికి వచ్చింది.

"ఏం పని మింద వచ్చినారు సార్?"

"నా పేరులో ఒక మాట తీసేశానమ్మా. ఆ కాగితం కోసం."

"ఏం మాట?"

"కులం పేరు."

"మీకు ఉన్నింది కాబట్టి తీసేసినారు. మాది మేం ఎప్పుడూ రాసుకోల్యా సార్. రాయకుండానే ఊరంతా తెల్సు. మీరు తీసేసినాక మీ ఊర్లో మిమ్మల్ని ఎవురన్నా దూరం కూచోమన్నారా?"

"లేదమ్మా."

"చూడండి మరి" అని నవ్వి, తన ఫారం నా ఒళ్లో పెట్టింది. "మీ చేతిరాత బాగుంటాదేమో, ఇది నింపిపెట్టండి."

నింపిపెట్టాను. టౌన్ హాల్లో ముసలాయన తర్వాత నన్ను అంత తక్కువ మాటల్లో ఓడించింది ఈమే. ఆయన నా తోకను ఎత్తిచూపాడు. తోక కోసినంత మాత్రాన ఊరు నాకిచ్చే కుర్చీ మారలేదని ఈమె ఎత్తిచూపింది.

మా టోకెన్ వచ్చింది. అఫిడవిట్ నమూనాలో దేవుని సాక్షిగా అని ఉంది. కొట్టేసి, సత్యనిష్ఠతో అని రాశాను. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. బల్ల దగ్గరి ఉద్యోగి తలెత్తి చూశాడు.

"ఆయనంతేనండీ, మొదటి నుంచీ" అంది నా భార్య.

అతను ఇంకేమీ అడక్కుండా ముద్ర వేశాడు. ఆ కాగితంలో, ఫలానా పేరుగల వాడూ, ఫలానా తోకతో కూడిన పేరుగల వాడూ వేర్వేరు కాదు, ఇద్దరూ ఒక్కరే అని ఉంది. అద్వైతాన్ని ఖండిస్తూ ఎన్ని వ్యాసాలు రాశానో లెక్క లేదు. చివరికి ఆ సిద్ధాంతం కిందే సంతకం పెట్టి, నకలు కూడా అడిగి తీసుకున్నాను.

ఇఖామాల ఆఫీసులో మాకు అపాయింట్‌మెంట్ దొరికేసరికి నాకు మిగిలినవి తొమ్మిది రోజులు. కౌంటర్లో కుర్ర అధికారి ఉన్నాడు. అతను అరబీలోనే మాట్లాడాడు. రోజూ తల్లులతో మాట్లాడీ మాట్లాడీ నా భార్యకు అరబీ బాగా వచ్చు.

"ఈ చివరి మాట ఏమిటి? కబీలానా?" అన్నాడు, తెగ పేరా అని.

"దాదాపు అలాంటిదే" అంది ఆమె.

"దాన్ని తీసేశాడా? తండ్రితో గొడవపడ్డాడా?"

"తండ్రి ఒక్కడితో కాదు, తాత ముత్తాతలందరితో."

అతను పెద్దగా నవ్వాడు. "నేను తీసేస్తే మా నాన్న నన్ను ఇంట్లోంచి తీసేస్తాడు."

అతనికి జవాబు చెప్పాలని నా నాలుక దురద పెట్టింది. కానీ నాకు వచ్చిన అరబీ అంతా పైపులకూ అతుకులకూ పనికొచ్చేది. తెగ గురించి వాదించడానికి అది చాలదు. పైగా నా భార్య అప్పటికే నా మోచేతి మీద చెయ్యి వేసింది.

అతను ఆమె కాగితం చూసి, "నీ పేరులో ఇతని పేరు లేదే" అన్నాడు.

"నాది మా నాన్న పేరు."

"మా ఆవిడదీ అంతే" అని, అదొక విశేషమే కానట్టు టైపు చేసుకుపోయాడు. పెళ్లయినా ఆడమనిషి తన పేరు తానుంచుకోవాలని మా ఊళ్లో నేను గొంతు చించుకున్న రోజులున్నాయి. ఇక్కడ ఎవరూ గొంతెత్తకుండానే అది మామూలు సంగతి. పొంగిపోబోయి ఆగాను. అది కూడా తండ్రి పేరే, తెగ పేరే. సగం సంతోషం చాలనుకున్నాను.

అధికారి స్క్రీన్ మా వైపు తిప్పాడు. కుటుంబ పెద్ద అన్న చోట నా భార్య పేరు. దాని కింద నా పేరు, తోక లేకుండా. ఇంగ్లిషులో నన్ను డిపెండెంట్ అన్నారు. పక్కన అరబీలో మురాఫిక్ అని ఉంది. అదేమిటని అడిగాను.

"వెంట ఉండేవాడు అని" అంది ఆమె.

నేను అరబీ మాటనే ఖాయం చేసుకున్నాను. బయటికొచ్చి జగిత్యాల తమ్ముడికి ఫోన్ చేస్తే, "అయితే ఇప్పటిసంది మేడమే మీ కఫీల్ అన్నట్టు. పొద్దున లేచి సలాం కొట్టాలె సారు" అన్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పి ఉండవలసింది కాదు. ఇప్పుడు టీ పెట్టడం ఆలస్యమైతే, కఫీల్‌కు కోపం వస్తోందంటుంది.

ఇన్నేళ్లూ తోక కోసేశానని నలుగురికీ చెప్పుకున్నాను. నిజానికి నలుగురూ చూసే చోట కోసి, ఎవరూ చూడని చోట వదిలేశాను. ఆ వదిలేసిన ముక్క దాదాపు నా ఇల్లు కూల్చబోయింది. సంస్కరణ అంటే ఉపన్యాసమనుకునే వాళ్లందరం చేసే తప్పే ఇది. ఆచరణ గుమాస్తా పని. ప్రతి రిజిస్టరు దగ్గరికీ నడిచి వెళ్లి, వరసలో నిలబడి, ఒక్కొక్క గడీ సరిచేయించాలి. అందులో చప్పట్లు ఉండవు.

కనుక ఈ పుస్తకం మూసి, ఇంట్లో కాగితాలన్నీ నేల మీద పోయండి. టెన్త్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్, ఒక్కటీ వదలకండి. హక్కు కోసం ఇచ్చిన కుల ధ్రువపత్రాల జోలికి పోవద్దు, అవి డాబు కోసం పుట్టినవి కావు. నేనడుగుతున్నది మీ పేరు చివర గౌరవం దండుకుంటూ వేలాడే ఆ ఒక్క మాట సంగతి. ఉంటే రేపే అఫిడవిట్ రాయించండి, పత్రికల్లో వేయించండి, పెళ్లి రిజిస్టరు దాకా వెళ్లి మార్పించండి. ఆ తర్వాత మీ ఇంటి భోజనాల బల్ల దగ్గర ఇన్నాళ్లూ ఎవరు కూర్చోలేదో చూసి, వాళ్లను పిలవండి. ఇది చదివి బాగుందని నాకు ఉత్తరం రాయకండి. మార్చిన కాగితం నకలు పంపండి.