పిన్ని పాడిన బాతు పాట

పిన్ని జ్ఞాపకార్థ కూడికకి బయల్దేరబోతుంటే మా అమ్మాయి ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న బాతు సినిమాని ఎవరో పుణ్యాత్ముడు నెట్‌లో పెట్టాడు. నిలబడే చూశాను. చిన్నప్పుడు ముచ్చటపడిన బొమ్మల సినిమాలు ఇప్పుడు చూస్తే నిరాశ తప్పదంటారు గానీ, దీనితో ఆ బాధ లేదు, ఇది అప్పుడూ బాగాలేదు. బాతుకి ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. కథ కాస్త నడవగానే ఆగిపోయి పాట మొదలవుతుంది, బాతు ముక్కు మూతపడ్డాక కూడా పాట వస్తూనే ఉంటుంది. ఆ పాటలన్నీ మా పిన్ని పాడింది. ఆవిడ పాడిన గొంతు మిగిలింది ఆ సినిమాలోనే. పిన్ని పోయిన దగ్గర్నుంచి బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా దొరికిందా అని అడిగేవాడు. వినిపించి ఆయన్ని ఏడిపించాలని నాకూ ఉండేది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. సీజన్లో మిర్చి షెడ్డులో కాయలకి తొడిమలు తీసేది, ఆదివారం చర్చిలో పాడేది. ఓ ఏడాది చర్చి సభలకి వచ్చినవాళ్ళెవరో ఆ గొంతు విని, విదేశాల బొమ్మల సినిమా ఒకటి తెలుగులోకి మారుస్తున్నామని గుంటూరు తీసుకెళ్ళి పాడించారు. తిరిగొచ్చి పిన్ని, తాను పాట మాత్రమే పాడానని ఎంత చెప్పినా మా పేటలో ఎవరూ చెవిన పెట్టలేదు. సినిమాలో పాడిందంటే సినిమాలో కనపడుతుందనే అందరి నమ్మకం. మావాళ్ళలో ఇల్లు కట్టినా, జబ్బు తగ్గినా, పిల్లలు పాసైనా కృతజ్ఞత కూడిక పెట్టి భోజనాలు పెట్టడం ఆనవాయితీ. భార్య సినిమాలో కనపడుతుంటే పెట్టకుండా ఎలా? బాబాయి కొత్త చొక్కా తొడుక్కుని, పలావు వండించి, టీవీ అద్దెకి తెచ్చి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాడు.

బొమ్మ పడింది. అంతా తెలుపు. మంచు సంగతి మాకేం తెలుసు, ఆడవాళ్ళంతా పత్తి చేను అనుకున్నారు. "అంత పత్తి విచ్చితే తీసే మనిషే లేదేంది?" అంది మా అమ్మ. ఆ చేలోంచి బాతు నడిచొచ్చి పిన్ని గొంతుతో పాడింది. అయినా పిన్ని ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఓపిగ్గా కూర్చున్నారు. సినిమా అయిపోయాక వెనకనుంచి ఒకాయన, "ఒరేయ్, నీ పెళ్ళాం బాతురా" అన్నాడు. పలావు తింటున్నంతసేపూ నవ్వులే. మొదట్లో పిన్ని కూడా నవ్వింది. బాబాయి అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత పిన్ని చర్చిలో పాడలేదు. బాబాయి కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు నోరు తెరిస్తే జనం నా మొహం చూస్తన్నారు" అన్నాడట, అంతే. పాస్టరుగారు ఇంటికొచ్చి మళ్ళీ పాడమని అడిగినా పిన్ని తల వంచుకునే కూర్చుంది. బాబాయి అన్న ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వంటింట్లో కూడా కూనిరాగం తీయడం మానేసింది. ఇక మిగిలింది మిర్చి షెడ్డు. ఏళ్ళ తరబడి ఆ ఘాటు పీల్చి పీల్చి ముందు దగ్గు పట్టుకుంది, తర్వాత గొంతు బొంగురుపోయింది, చివర్లో మాట్లాడబోతే గాలి మాత్రం వచ్చేది. ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. పెద్ద వయసేం కాదు.

కూడిక ముగిసి అందరూ భోజనాలకి లేచాక బాబాయి పక్కన కుర్చీ వేసుకుని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. పిన్ని పాట అందుకుంది. పైస్థాయికి వెళ్ళి, అక్కడ ఊపిరి తీసుకోకుండా నిలబడే ఆ పద్ధతి, అచ్చం పిన్నే. నాకు కళ్ళు నిండాయి. బాబాయి కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నాడు. ఏడుస్తాడని నేను చూస్తున్నాను. ఆయన మెల్లగా ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఇది మీ పిన్ని కాదమ్మా. దాని గొంతు నాకు తెలవదా? బొంగురుగా ఉండేది. ఇంకోటేదన్నా ఉంటదేమో చూడు."

ఎన్నేళ్ళుగానో దాచుకున్న కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చూస్తాను బాబాయ్ అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, మర్చిపోవద్దని మరీ మరీ చెప్పాడు. నేను ఏ గొంతు వినిపించి ఆయనకి శిక్ష వేద్దామనుకున్నానో, దాన్ని కాలం ఆయన చెవిలోంచి ఎప్పుడో తుడిచేసింది, నాకే ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.